పావుగంట ముందున్న ఇల్లు

"దాని పేరు పెట్టుకుని ఇంకెవరైనా మాతో మాట్లాడితే మాకెలా తెలుస్తుందండీ?"

డాక్టర్ నిశాత్ గారిని నేను అడిగిన మొదటి మాట ఇదే. అప్పటికింకా ఏమీ మొదలవలేదు. మా అమ్మాయి హైమకి ఆపరేషను కోసం గుండు కూడా చేయలేదు. విశాఖపట్నంలో, సముద్రం కనపడే ఒక పరిశోధనశాలలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఆవిడ గాజు పలకమీద సాలెగూడు ముక్కలాంటిది చూపిస్తున్నారు. దాన్ని వాళ్ళు అల్లిక అంటారు. పిల్ల ఒంట్లోంచే తీసిన కణాలతో పెంచిన దారాలట. పుర్రె కింద పరుస్తారట. పిల్ల మనసులో ఒక మాట అనుకోగానే ఆ దారాలు పట్టుకుని కంప్యూటర్లో అక్షరాలుగా వేస్తాయట.

"అందరూ ముందు నొప్పెడుతుందా అని అడుగుతారు తాయారు గారూ," అన్నారావిడ.

"అది తర్వాత అడుగుదామనుకున్నానండి. అదీ ఉంది."

చక్రాల కుర్చీలోంచి మావారు గవర్రాజు గారు అందుకున్నారు. "ఇంకా చాలా ప్రశ్నలున్నాయండి మా ఆవిడ దగ్గర. మీరు భోజనం చేసొచ్చి కూర్చోండి, అప్పుడు మొదలెట్టిద్దాం."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతానని ఆయన వెక్కిరింత. ఆగిపోతాను, నిజమే. పిల్ల బస్సెక్కితే బస్సు బోల్తా పడినట్టు, ఫోనెత్తకపోతే ఫోనుతోపాటు కాలవలో పడినట్టు నాకు కళ్ళకి కట్టేస్తుంది. కానీ నేను భయపడినవేవీ హైమకి జరగలేదు. నాకు తోచనే తోచనిది జరిగింది. కాకినాడలో కొరియర్ ఆఫీసులో పనిచేసేది. గలగలా మాట్లాడే పిల్ల. ఫోనులో అవతలివాడు దణ్ణం పెట్టేదాకా వదిలేది కాదు. ఒకరోజు ఆఫీసులో పార్శిల్ మీద అడ్రసు పైకి చదువుతూ చదువుతూ ఆగిపోయిందట. మెదడు అడుగున రక్తం గడ్డకట్టింది. ప్రాణం ఉంది, తెలివి ఉంది, వినపడుతుంది. వేలు కదలదు. కంటి రెప్ప కూడా దాని ఇష్టప్రకారం కదలదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, తన ఒంట్లో తానే తాళమేసుకుని ఉండిపోయినట్టు అయిపోయింది.

అలాంటి పిల్లకి మళ్ళీ మాట వస్తుందంటే సంతోషించకుండా ఈ దొంగల గోలేమిటే అని మీరూ అంటారు. మా వీధిలో వరాలమ్మ గారికి కొడుకు గొంతుతో ఫోనొచ్చింది. అచ్చం వాడి గొంతే. "అమ్మా, నన్ను పట్టుకున్నారే, కొడుతున్నారే" అని ఏడుపు. కొడుకు పక్క గదిలో గురకపెట్టి నిద్రపోతున్నాడన్న సంగతి కూడా మర్చిపోయి ఆవిడ చేతి గాజులు తీసేసుకుంది. గొంతునే ఎత్తుకుపోయేవాళ్ళు ఉన్న రోజులు కదా. ఇక్కడ గొంతు కూడా లేదు, ఉత్త అక్షరాలు. అక్షరాలు ఎవరైనా వేస్తారు.

నిశాత్ గారు నవ్వలేదు. "ఒకరి మెదడులో కదలిక ఇంకొకరికి ఉండదమ్మా," అన్నారు. "ఆ కదలిక నుంచే ఒక ముద్ర తయారవుతుంది. సర్టిఫికెట్ అంటాం. హైమ మాట మీ ఇంటికి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ కూడా పట్టుకొస్తుంది. మీ కంప్యూటర్ దాన్ని చూసి, సరిపోతే పైన చిన్న తాళం బొమ్మ వేస్తుంది. తాళం కనపడితే అవతల ఉన్నది హైమే."

"ఆ ముద్రే దొంగిలిస్తే?"

"ఒక్క రోజే చెల్లుతుంది. తెల్లారితే కొత్తది."

"రోజంతానా? దొంగకి గంటే ఎక్కువండీ."

ఆవిడ పెన్ను తీసి ఏదో గీసుకున్నారు. ఆపరేషను అయ్యాక మళ్ళీ వెళ్ళినప్పుడు తెలిసింది, ఆ ముద్ర వయసుని పది నిమిషాలకి తగ్గించారట. మాట్లాడుతున్నంతసేపూ పిల్ల మెదడులోంచి కొత్తది పుడుతూ ఉంటుందట. నా భయం విని ఒక డాక్టరు జాగ్రత్తపడటం నేనెరుగుదునా! కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ ఊపులోనే ఇంకొకటి అడిగాను. మా తల్లీకూతుళ్ళ మాటలు ఇంకెవరూ వినకూడదు, ఎక్కడా దాచకూడదు అని. దానికీ సరేనన్నారు.

అల్లిక మందులతో బతకదట. తెలిసిన గొంతు వింటూ, ఆ గొంతుకి జవాబు చెబుతూ ఉంటేనే ఆ దారాలు బిగుసుకుంటాయట. లేకపోతే వదులైపోయి, వాచి, ప్రాణం మీదకి వస్తుందట. అప్పుడు తీసేయాల్సిందే. ఒకసారి తీస్తే మళ్ళీ పరచడం కుదరదు.

"ఇంక మందు మీరేనమ్మా," అన్నారు నిశాత్ గారు. "రోజూ మాట్లాడండి."

అక్కడే ఉండిపోదామంటే పిల్లనుంచే గదిలోకి మమ్మల్ని ఎక్కువసేపు రానివ్వరు, గాలి కూడా వడగట్టి పంపుతారు. పైగా షుగరుకి మావారి కాలు మోకాలి దాకా తీసేశారు. ఆయన్ని విడిచి నేనెక్కడుంటాను? అందుకని పరిశోధనశాల వాళ్ళే సామర్లకోటలో మా ఇంటికి ఒక కంప్యూటర్ పంపించారు. బిగించడానికి వచ్చిన అమ్మాయి నాకు రెండే ముక్కలు నేర్పింది. గంట మోగితే ఈ బొమ్మ మీద నొక్కండి, తాళం గుర్తు కనపడితే మాట్లాడండి. "ఎర్ర పేజీ వస్తే మటుకు ఏం నొక్కొద్దు ఆంటీ. సురక్షితంగా వెనక్కి అని ఉంటుంది, అదొక్కటి నొక్కి బయటికొచ్చేయండి."

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ రెండు ముక్కలూ మంత్రంలా కంఠతా పట్టాను.

మొదటి రోజు గంట మోగింది. నొక్కాను. తెల్లటి పేజీ, పైన తాళం బొమ్మ. నడిమధ్య ఒక నల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. తెరకి దగ్గరగా జరిగాను.

"హైమా, జలుబు చేసిందా?" అన్నాను చివరికి.

అక్షరాలు ఒకటొకటీ వచ్చాయి. నేను కూడబలుక్కుని చదివాను. *ఆరు నెలల తర్వాత మాట్లాడుతున్నా. జలుబా?*

మావారు నవ్వారు. నవ్వి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత రోజులన్నీ మాటలే. గుండు మీద దురదపెడితే గోకేవాళ్ళు లేరని, పక్క గదిలో పెద్దాయన అల్లిక పెట్టించుకుని మొదటి మాటగా భార్యని బీరువా తాళాలు అడిగాడని, ఇలాంటివి. నేను చదవడం మెల్లగా. *అమ్మా, నువ్వా వాక్యం పూర్తిచేసేలోపు నేను ముసలిదాన్నయిపోతా* అనేది. "నిదానంగా రాయవే మరి" అంటే, *రాయట్లేదు, అనుకుంటున్నా. నిదానంగా అనుకోమంటావా?* అనేది. నేను మందులేశారా, జ్వరమొచ్చిందా, ఎవరైనా కసిరారా అని అడుగుతూ, అది జవాబు చెప్పేలోపు నేనే "వేసుండరులే, కసిరే ఉంటారులే" అనేసుకునేదాన్ని.

ఒక సాయంత్రం గంట మోగేటప్పటికి మావారు బాత్రూంలో ఉన్నారు. ఒంటికాలితో కుర్చీలోకి చేరి, తోసుకుంటూ వచ్చేసరికి పిల్ల అలిసిపోయి ముగించేసింది. ఆఖర్న *నాన్న ఏడి* అంది. నేను చదివి వినిపించాను. ఆయన ఆ రాత్రి మజ్జిగ అన్నం కూడా ముట్టలేదు.

మావారి సంగతి చెప్పాలిక్కడ. కాకినాడ డిపోలో బస్సు డ్రైవరుగా చేశారు. ఎప్పుడూ తెల్లవారుజాము బండే. ఒక్కనాడూ ఆలస్యం కాలేదు, ఎందుకంటే మా ఇంట్లో గడియారాలన్నీ పావుగంట ముందుంటాయి. గోడ గడియారం, మంచం పక్క టైంపీసు, ఆయన చేతి గడియారం, అన్నీ. రిటైరైనా, కాలు పోయినా ఆ అలవాటు పోలేదు. కొత్తగా వచ్చిన కంప్యూటర్ మూల మటుకు టైము వేరేగా ఉండేది. పిల్లని అందుకోలేకపోయిన మర్నాడు పొద్దున్నే ఆయన దాని ముందు కూర్చుని ఏదో నొక్కుతున్నారు.

"దాన్నెందుకండీ కెలుకుతారు, పాడైపోతుంది!"

"ఏం పాడవదే. దీని గడియారం మనకన్నా వెనక ఉంది. ఇంకెప్పుడూ పిల్ల వచ్చేసరికి మనం లేకుండా ఉండకూడదు."

గడియారం తిప్పడం కూడా ఒక సంగతా, గుర్తుపెట్టుకోవడానికి? నేను పప్పు చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం గంట మోగింది. నొక్కాను. పేజీ ఎర్రగా వచ్చింది.

అడ్డంగా గీత కొట్టిన తాళం. కింద తెలుగులోనే ఉంది. *ఈ మాటలు హైమవతి నుంచే వస్తున్నాయని నిర్ధారించలేకపోయాం. ఎవరో మిమ్మల్ని మోసగించే ప్రయత్నం చేస్తూ ఉండవచ్చు.*

నేను ముందునుంచీ అంటున్నదే అక్షరాల్లో వచ్చింది కదా.

"ఏమయిందే?" అన్నారు ఆయన.

"ఎవరో దూరారండీ. మన పిల్ల కాదు." సురక్షితంగా వెనక్కి అన్నదాని మీద నొక్కేశాను.

మర్నాడు గంట మోగింది. మళ్ళీ ఎరుపే. నొక్కేశాను. ఆ మర్నాడూ అంతే. మావారు ఒకసారి నా మోచెయ్యి పట్టుకున్నారు. "అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకో దారి ఉందే. అయినా కొనసాగండి అంటోంది. ఒక్కసారి చూద్దామా?"

"అలా అనే కదండీ వాళ్ళు లోపలికొచ్చేది! వరాలమ్మ గారు గాజులు తీసింది. మనం ఏకంగా పిల్లనే తీసి చేతుల్లో పెడతామా?"

"పిల్లయితే?"

"పిల్లయితే తాళం గుర్తు రాదా?"

ఆయన నా మోచెయ్యి వదిలేశారు. నాకూ తెలియదు, కానీ గట్టిగా అన్నాను.

తర్వాత ఫోనుకి మెసేజీలు మొదలయ్యాయి. మీ కనెక్షన్ పునరుద్ధరించడానికి ఈ లింక్ నొక్కండి అని. సరిగ్గా దొంగలు పంపేలాంటివే. చెరిపేశాను. తెలియని నంబర్ల నుంచి ఫోన్లొచ్చాయి. ఒకామె, "అమ్మా, హైమ గురించి మాట్లాడాలి" అంది. హైమ పేరు కూడా పట్టేశారే అనుకుని పెట్టేసి, ఆ నంబరు రాకుండా చేయించాను. పరిశోధనశాలకి నేనే చేద్దామని రెండుమూడుసార్లు ఫోను పట్టుకున్నాను. మనసు ఇంకో దారి తీసింది. పిల్ల ఏమైనా అయిపోయి, ఆ సంగతి దాచడానికి ఇదంతా చేస్తున్నారేమో. ఫోను చేస్తే ఆ మాట వినాల్సి వస్తుంది. చేయకపోతే పిల్ల ఉన్నట్టే. ఫోను కింద పెట్టేసేదాన్ని.

సాయంత్రం గంట మోగుతూనే ఉండేది. నేను లేచి వెళ్ళి నొక్కి వచ్చేదాన్ని. వారాలు గడిచాయి. తర్వాత ఒకరోజు గంట మోగలేదు. మావారు కుర్చీలో ఆ కంప్యూటర్ ముందే కూర్చుని, దీపాలు పెట్టేవేళ దాకా ఎదురుచూశారు. దొంగలు విసుగెత్తి పోయారు అన్నాను నేను. ఆయన నావైపు చూడలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే నిశాత్ గారు. తలమీద లేతరంగు దుపట్టా, భుజాన సంచీ, ఎండకి ఎర్రబడ్డ మొహం.

అంతకు ముందు చూసిన మనిషే. అయినా నా చెయ్యి గడియ మీదకి పోలేదు. "మీరే అని నమ్మకం ఏమిటండీ? మనిద్దరికే తెలిసింది ఏదైనా చెప్పండి."

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఆపరేషను రోజున అందరూ తాయెత్తు పిల్లకి కడతారు. మీరు నా చేతికి కట్టారు. కోసేది మీ చెయ్యి, వణక్కూడదు అన్నారు."

గడియ తీశాను.

లోపలికొచ్చి కూర్చోలేదావిడ. మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. "ఎందుకు మానేశారమ్మా మాట్లాడటం?" అన్నారు.

"పిల్ల ఉందా?" అన్నాను నేను.

"ఉంది. ఉండకపోవడమేమిటి?"

ఎర్ర పేజీ సంగతంతా మావారే చెప్పారు. వింటున్నకొద్దీ నిశాత్ గారి మొహం పాలిపోయింది. "మాకు అలా తెలియలేదు. మీరు వెనక్కి నొక్కితే మా దగ్గర అవతలివాళ్ళు తలుపు మూశారు అని పడుతుంది. చాలా ఇళ్ళల్లో అలాగే అవుతుందమ్మా. పిల్లల్ని ఆ స్థితిలో చూసి తట్టుకోలేక కొంతమంది మానేస్తారు. బలవంతం చేయకూడదన్నది మా నియమం. మెసేజీలు పంపాం. ఫోన్లు చేశాం."

"పిల్లకి ఏమని చెప్పారు?"

ఆవిడ భుజాన ఉన్న సంచీ కిందకి దించారు. "ఆ గదిలో యంత్రమే చెబుతుంది, తలుపు మూశారు అని. రోజూ వినేది. అయినా చాలా రోజులు మాట్లాడుతూనే ఉంది. పిల్ల మాట్లాడినప్పుడల్లా అల్లిక వెలగడం మా తెరమీద కనపడుతుంది. మొదట్లో బాగా ఎక్కువ. పోనుపోను తగ్గింది. తర్వాత ఆపేసింది."

"ఏం మాట్లాడిందండీ?"

"తెలియదు. తెరిచిన తలుపులోంచి దాటితేనే అది మాటవుతుంది. లేకపోతే అక్కడికక్కడే చెదిరిపోతుంది. ఎవరూ వినకూడదు, ఎక్కడా దాచకూడదు అని..." ఆవిడ వాక్యం పూర్తిచేయలేదు. చేయక్కర్లేదు. అలా కావాలన్నది నేనే.

అల్లిక వదులైపోయిందన్నారు. రేపు పొద్దున్న తీసేయాలని పెద్ద డాక్టర్లు నిర్ణయించారట. "ఈరోజు తను ఒక్క మాట జవాబు చెబితే, ఏ మాటైనా సరే, దారాలు ఇంకా పట్టు వదల్లేదని నేను చూపించి ఆపగలను. మునుపటిలా పెద్దపెద్ద వాక్యాలు ఇక రావేమో. ఒకటీ అరా. కానీ మాట ఉంటుంది. అందుకే నేనే వచ్చాను."

కంప్యూటర్ ముందు కూర్చున్నారు. చెవి దగ్గర ఫోను, అవతల పరిశోధనశాల మనిషి. గంట మోగించమన్నారు, నొక్కారు. ఎరుపు. వేరే బ్రౌజర్లో తెరిచారు. ఎరుపు. పాత జ్ఞాపకాలన్నీ తుడిచేయాలంటూ ఏదో చేశారు. ఎరుపు. మా ఇంటి లైను తీసేసి ఆవిడ ఫోనులోంచి నెట్టు కలిపారు. అయినా అదే. అడుగున అయినా కొనసాగండి అన్నదీ నొక్కారు, ముద్ర సరిపోనిదే మాట దాటదంటూ మళ్ళీ ఎరుపే. గీత కొట్టిన తాళం మీద నొక్కి లోపల చదివారు.

"గడువు దాటింది అంటోంది. ఇప్పుడే కదా పుట్టింది, అప్పుడే గడువేమిటి? ఇంకొకటి పంపండి."

ఇంకొకటి వచ్చింది. దానికీ గడువు దాటిందట.

ఫోనులో మనిషి ఏదో అడిగినట్టున్నాడు. ఆవిడ తెర మూలకి చూశారు, తలెత్తి గోడ గడియారం చూశారు, మంచం పక్క టైంపీసు చూశారు. "లేదు, టైము సరిగ్గానే ఉంది. ఇంట్లో అన్నీ ఒకటే చూపిస్తున్నాయి."

మావారు తలూపారు. "నిమిషం తేడా ఉండదండి మా ఇంట్లో."

రేపు పొద్దున్న అంటున్నారే. రేపు పొద్దున్న. ఆవిడ వేళ్ళు మీటల మీద పరుగెడుతున్నాయి, పేజీ ఎర్రగానే చూస్తోంది. ఈ ఎరుపు తప్ప ఇంకో రంగు ఎప్పుడైనా చూశానా అనిపించింది.

అప్పుడు ఆవిడ ఫోనులోంచి చిన్నగా అజాన్ వినిపించింది. నమాజు వేళ గుర్తుచేయడానికి పెట్టుకున్నారట. ఆవిడ దాన్ని ఆపబోతూ, మళ్ళీ గోడ గడియారం వైపు చూశారు.

"ఇదేమిటి? ఇంకా నాలుగు దాటి ఐదు నిమిషాలేగా. మీ గడియారంలో ఇరవై అయిందే!"

"పావుగంట ముందు పెడతానమ్మా," అన్నారు మావారు, డ్యూటీ సంగతి చెప్పేటప్పుడు వచ్చే ఆ గొంతుతో. "ఆలస్యం కాకుండా."

"కంప్యూటర్లో?"

"అందులో కూడా నేనే పెట్టాను. పిల్ల వచ్చేలోపే మేం కూర్చుని..."

ఆగిపోయారు. నిశాత్ గారి మొహం చూసి ఆగిపోయారు.

"పది నిమిషాలే బతికే ముద్ర," అన్నారావిడ మెల్లిగా. "పావుగంట ముందున్న ఇంటికి వచ్చింది. మీ కంప్యూటర్ లెక్కలో పుట్టేసరికే దాని గడువు తీరిపోయింది. రోజుకి ఒకసారి మారేదైతే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మేమే..." నావైపు చూసి, చూపు తిప్పుకున్నారు. ఆవిడ నన్ను అన్నా బాగుండేది.

గడియారం సరిచేశారు. అంత చిన్న పని. మావారు ఒకసారి తిప్పారు, ఆవిడ ఒకసారి తిప్పారు. మధ్యలో మా పిల్ల మూసిన తలుపు దగ్గర నిలబడి మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది.

గంట మోగింది. నొక్కాను. తెల్లటి పేజీ. పైన తాళం బొమ్మ. నల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

"హైమా," అన్నారు మావారు. "నాన్ననమ్మా. గడియారం నేనే తిప్పానమ్మా. ఆ రోజు నువ్వొచ్చేసరికి నేను లేనని... నీకన్నా ముందు వచ్చి కూర్చుందామని తిప్పాను. నీకు తలుపు వేస్తున్నానని నాకు తెలీదమ్మా." పెద్దమనిషి, బస్సు కింద మేక పడితేనే మూడు రోజులు అన్నం మానేసిన మనిషి, ఆ కంప్యూటర్ అంచు రెండు చేతులా పట్టుకుని ఏడ్చారు.

పేజీ ఖాళీగానే ఉంది.

నేనందుకున్నాను. "హైమా, తల్లీ, జ్వరమొచ్చిందా? తల నొప్పిగా ఉందా? అన్నం గొట్టంలోంచే పోస్తున్నారా? అల్లిక నొప్పెడుతోందా? నొప్పెడుతూనే ఉంటుందిలే, చెప్పుకోడానికి ఎవరున్నారు, ఎవరూ లేరు, నేను..."

"తాయారు గారూ," అన్నారు నిశాత్ గారు నా భుజం మీద చెయ్యేసి. "ఆమెకి కాస్త చోటివ్వండి."

నోరు మూసుకున్నాను. తాళం బొమ్మ ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగింది. కొత్త ముద్ర పుట్టిందన్నారావిడ. అంటే పిల్ల ఉంది. అక్కడే ఉంది, వింటోంది. మాట్లాడటం లేదు, అంతే.

వీధిలో పూలమ్మి కేకేసుకుంటూ పోయింది. తాళం ఇంకోసారి మసకబారింది, వెలిగింది. ఫోనులో అవతలి మనిషి ఏదో అన్నాడు. నిశాత్ గారు, "ఇంకాసేపు" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ, "ఇంకాసేపు, ప్లీజ్," అన్నారు. ఈసారి ఆవిడ గొంతు వేడుకుంటున్నట్టు ఉంది. గది గోడమీద ఎండ పైకి జరిగింది. మావారి ఏడుపు ఆగిపోయింది. ఆయన గీతనే చూస్తున్నారు. ఆరుతోంది, వెలుగుతోంది.

ఏం చెబితే పలుకుతుంది? క్షమించమనాలా? నా దగ్గర నిజం ఒకటే మిగిలింది.

"హైమా," అన్నాను. "నువ్వు కాదనుకున్నానే. రోజూ నువ్వే వచ్చావు, నువ్వు కాదనుకుని రోజూ నేనే మూశాను. మీ నాన్న ఒకసారి చూద్దామన్నారు, నేనే పడనివ్వలేదు. నువ్వు అన్ని రోజులు ఏం మాట్లాడావో ఎవరికీ తెలీదట. ఎక్కడా లేదట." ఊపిరి తీసుకున్నాను. "ఏం మాట్లాడావే? మళ్ళీ ఒకసారి చెప్పవూ?"

ఎప్పుడూ ప్రశ్న అడిగి జవాబు కూడా నేనే చెప్పేసేదాన్ని. ఈసారి ఎంత వెతికినా నా దగ్గర జవాబు లేదు. తిట్టి ఉంటుందా? ఏడ్చి ఉంటుందా? బీరువా తాళాల పెద్దాయన లాంటి కథలేమైనా చెప్పి ఉంటుందా? ఏదీ అనుకోలేకపోయాను. ఉత్తగా కూర్చున్నాను.

గోడమీద ఎండ పోయింది. నిశాత్ గారు ఫోను చెవి దగ్గర్నుంచి దించారు. లైటు వేయడానికి ఎవరూ లేవలేదు. పేజీ వెలుగొక్కటే మా ముగ్గురి మొహాల మీదా పడుతోంది. తాళం మసకబారింది. ఈసారి చాలాసేపు మసగ్గానే ఉండిపోయింది. మావారి చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. మళ్ళీ వెలిగింది.

గీత కదిలింది.

ఒక అక్షరం వచ్చింది. ఆగింది. చాలాసేపటికి ఇంకొకటి. బరువేదో మోసుకుని మెట్లెక్కుతున్న మనిషిలాగా, ఒక్కొక్కదాని దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు వచ్చాయి. నిశాత్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "చదవండమ్మా," అన్నారు, వాటిని ఆవిడే చదవగలిగినా.

నేను కూడబలుక్కుని చదివాను.

*చెప్పను పో.*